దిగుమతులు ఆగితే పాడి రైతుకు ఏమవుతుంది? ఆంక్షలు, నిషేధాలపై తరచుగా అడిగే ప్రశ్నలు

విదేశీ పాలపొడి, వెన్న, చీజ్ రాకుండా గేటు వేస్తే దేశంలోని పాడికి మంచి రోజులు వచ్చినట్టేనని చాలామంది నమ్ముతారు. గేటు వేస్తే పోటీ తగ్గుతుంది, అంతవరకే నిజం. పాలివ్వాల్సింది పశువే కదా. దాని ముందుకు దాణా, యంత్రానికి విడిభాగం, రైతుకు అప్పు, పాలు కొనే డెయిరీ, ఈ నాలుగూ అందినంత మేరకే లాభం కనిపిస్తుంది.

ఆంక్షలు, ప్రతి ఆంక్షలు, దిగుమతి నిషేధం: రైతుకు వీటిలో తేడా ఏముంది?

చాలా ఉంది. మన ప్రభుత్వమే విదేశీ పాల ఉత్పత్తులను ఆపితే అది దిగుమతి నిషేధం. అప్పుడు రైతు అమ్మే సరుకుకు పోటీ తగ్గుతుంది. ఇతర దేశాలు మన బ్యాంకులపై, ఓడలపై, సాంకేతికతపై ఆంక్షలు పెడితే దెబ్బ తగిలేది రైతు కొనే సరుకుకు: దాణా, మందులు, యంత్రాలు. రష్యా విషయంలో 2014లో రెండూ ఒకేసారి జరిగాయి. పాశ్చాత్య దేశాలు ఆర్థిక ఆంక్షలు పెట్టాయి. దానికి బదులుగా, అంటే ప్రతి ఆంక్షగా, ఆగస్టు 6 నాటి అధ్యక్ష ఉత్తర్వుతో రష్యా ఐరోపా సమాఖ్య, అమెరికా, కెనడా, ఆస్ట్రేలియా, నార్వేల పాల ఉత్పత్తులు, మాంసం, చేపలు, పండ్లు, కూరగాయలను ఆపింది. అమ్మే వైపు మేలు, కొనే వైపు కీడు. రెండూ కలిపి లెక్క వేయకుండా నిషేధం మంచిదా చెడ్డదా అని వాదించుకోవడం వృథా.

నిషేధం వచ్చిన మర్నాడే పాల ధర పెరుగుతుందా?

పెరగదు. దేశాల మధ్య పచ్చిపాలు పెద్దగా ప్రయాణించవు. పొడిగా, వెన్నగా, చీజ్‌గా ప్రయాణిస్తాయి. అందుకే ధర కదలిక ముందు అక్కడ మొదలై, తర్వాత సేకరణ ధరకు దిగుతుంది. గోదాముల్లో రెండు మూడు నెలల పొడి నిల్వ ఉంటే డెయిరీలు అది అయిపోయేదాకా తొందరపడవు.

మీ పాల విలువ ఎటు పోతోందో చూడాలంటే ఈ లెక్క వాడండి. 3.5 శాతం కొవ్వు, 8.5 శాతం కొవ్వేతర ఘనపదార్థాలు ఉన్న ఒక కిలో పాల నుంచి సుమారు 88 గ్రాముల వెన్న తీసిన పాలపొడి, 42 గ్రాముల వెన్న వస్తాయి. కిలో పొడి ధరను 0.088తో, కిలో వెన్న ధరను 0.042తో గుణించి కూడండి. అందులోంచి ప్రాసెసింగ్, రవాణా ఖర్చు తీసేయండి. మిగిలింది డెయిరీ మీకు ఇవ్వగలిగిన గరిష్ఠ ధరకు దగ్గరగా ఉంటుంది. దిగుమతులు ఉన్న రోజుల్లో ఈ లెక్కలోకి వచ్చేది విదేశీ పొడి ఓడరేవు దాటి, సుంకం కట్టి, గోదాముకు చేరిన ధర. నిషేధం తర్వాత దేశీయ పొడి ధర. ఈ రెంటి తేడానే నిషేధం ఇచ్చే రక్షణ. తేడా తక్కువైతే నిషేధం కాగితం మీదే ఉన్నట్టు. తేడా పెద్దదై ఉండి కూడా సేకరణ ధర కదలలేదంటే ఆ లాభం మధ్యలో ఎక్కడో ఆగిపోతోంది. డెయిరీతో బేరానికి కూర్చునేటప్పుడు ఈ లెక్క చేతిలో ఉండాలి.

ధర పెరిగితే రైతులు వెంటనే ఎక్కువ పాలు తీయలేరా?

కొంచెం తీయగలరు. దాణా పెంచి, పూటకు పిండే పాలను కొద్దిగా పెంచవచ్చు. రెండు పూటల బదులు మూడు పూటలు పిండితే, పోషణ సరిగ్గా ఉన్న మందల్లో పది పదిహేను శాతం అదనంగా వస్తుంది. అమ్మేయాలనుకున్న ముసలి ఆవును ఇంకో ఈత ఉంచుకోవచ్చు. ఇదంతా వారాల్లో అయ్యే పని, కానీ దీనికి త్వరగానే హద్దు వస్తుంది.

మంద పెరగాలంటే ప్రకృతి లెక్క వేరు. ఇవాళ ఎద గుర్తించి కృత్రిమ గర్భధారణ చేయిస్తే ఆవు ఈనడానికి సుమారు 280 రోజులు, గేదె అయితే 310 రోజులు. పుట్టిన వాటిలో సగమే పెయ్యలు. బాగా మేపిన సంకరజాతి పెయ్య తొలిసారి ఈనడానికి 24 నెలలు పడుతుంది. మేపు తగ్గితే 30 నుంచి 36 నెలలు, గేదెపడ్డకు ఇంకా ఎక్కువ. అంటే నిర్ణయం తీసుకున్న రోజు నుంచి బిందెలో అదనపు పాలు పడేసరికి దాదాపు మూడేళ్లు. లింగ నిర్ధారిత వీర్యంతో పెయ్యల వాటాను 90 శాతం దాకా పెంచవచ్చు గానీ ఆ మూడేళ్లు తగ్గవు.

ఇక్కడ ఇంకో చిక్కుంది. మంద పెంచుదామని అందరూ పెయ్యలను అమ్మకుండా ఆపుకుంటే సంతలో చూడి పశువుల ధర ముందు ఎగబాకుతుంది. తొలి ఏడాది లాభం పశువులు అమ్మేవాళ్లది, కొనేవాళ్లది కాదు.

రష్యాలో నిషేధం నిజంగా పని చేసిందా?

ఎవరికి అన్నదాన్ని బట్టి జవాబు మారుతుంది. 2010 నాటి ఆహార భద్రతా విధానంలోనే పాలలో 90 శాతం స్వయం సమృద్ధి లక్ష్యమని రష్యా రాసుకుంది. 2014 నిషేధం ఆ లక్ష్యానికి దారి తెరిచింది. అయినా మొత్తం ఉత్పత్తి కొన్నేళ్లు సుమారు 3 కోట్ల టన్నుల దగ్గరే నిలబడి, 2020కి గానీ 3.2 కోట్లు దాటలేదు. ఆ స్థిరమైన అంకె కింద పెద్ద మార్పే జరిగింది. 2014 ప్రాంతంలో దాదాపు సగం పాలు ఇంటి పెరట్లోని ఒకటి రెండు ఆవుల నుంచి వచ్చేవి. ఆ ఆవులు ఏటా తగ్గుతూ పోయాయి. వాటి లోటును వేల పశువులున్న పెద్ద ఫారాలు, ఎక్కువ దిగుబడితో పూడ్చాయి.

ఆలస్యానికి ముఖ్య కారణం డబ్బు. చమురు ధర పతనం, ఆంక్షలు కలిసి రూబుల్‌ను కూల్చాయి. 2014 డిసెంబరు 16న కేంద్ర బ్యాంకు కీలక వడ్డీ రేటును 17 శాతానికి పెంచింది. ఆ వడ్డీకి షెడ్డు కట్టి, పెయ్యలు కొని, మూడేళ్లు ఆగేదెవరు? ప్రభుత్వం వడ్డీ రాయితీ, పెట్టుబడి ఖర్చులో కొంత తిరిగి చెల్లింపు మొదలుపెట్టాకే నిర్మాణాలు ఊపందుకున్నాయి. దరఖాస్తు రాసుకోగలిగిన, తాకట్టు పెట్టగలిగిన వాళ్లకే ఆ రాయితీలు ఎక్కువగా అందాయి.

మారకం విలువ పడిపోవడమూ ఒక రక్షణే అన్నది చాలామంది మరిచిపోయే సంగతి. రూబుల్ సగం విలువకు పడితే నిషేధం లేని దేశం చీజ్ కూడా ఖరీదవుతుంది. 2014 తర్వాతి ఫలితాన్నంతా నిషేధం ఖాతాలో వేయడం సరికాదు.

ఖతార్ ఏడాదిలోనే స్వయం సమృద్ధి సాధించింది కదా, అది ఎలా?

2017 జూన్ 5న సౌదీ అరేబియా, యూఏఈ, బహ్రెయిన్, ఈజిప్ట్ ఖతార్‌తో సంబంధాలు తెంచుకున్నాయి. అంతవరకు అక్కడి పాలు చాలావరకు సౌదీ సరిహద్దు దాటి వచ్చేవి. అంతకుముందు గొర్రెలు, మేకల పెంపకంలో ఉన్న బలద్నా సంస్థ ఎక్కువ పాలిచ్చే హోల్‌స్టీన్ జాతి ఆవులను విమానాల్లో దింపింది. 165 ఆవుల తొలి విడత ఆ జులైలో బుడాపెస్ట్ నుంచి దిగింది. సుమారు 4,000 ఆవులను ఇలా తేవాలన్నది ప్రణాళిక. తర్వాత మంద 20,000 దాటింది.

వాళ్లు మూడేళ్ల నిరీక్షణను డబ్బుతో కొన్నారు. పెయ్యను పెంచకుండా ఈనబోయే ఆవునే కొంటే సమయం మిగులుతుంది. కానీ దానికి కొన్ని షరతులున్నాయి. దేశం చిన్నది, కాబట్టి కొన్ని వేల ఆవులు చాలు. ఖజానా నిండుగా ఉంది. విదేశీ మారకానికి కొదవ లేదు. ఎడారి ఎండలో హోల్‌స్టీన్ బతకాలంటే పగలూ రాత్రీ ఫ్యాన్లు, నీటి తుంపరలు నడవాలి. ఆ నీరు సముద్రజలం శుద్ధి చేసినది. మేత చాలావరకు దిగుమతే. అంటే దిగుమతి మీద ఆధారపడటం పాల నుంచి మేతకు మారింది. మేత నెలల తరబడి నిల్వ ఉంటుంది, ఏ ఓడరేవు నుంచైనా తెచ్చుకోవచ్చు. పాలకు ఆ వీల్లేదు. ఆ దేశానికి అది తెలివైన మార్పిడే. పెద్ద జనాభా, డాలర్ల కొరత ఉన్న దేశం దీన్ని అనుకరిస్తే అప్పులే మిగులుతాయి.

ఆవులు లక్షల్లో ఉన్న దేశంలో నిషేధం సరిపోతుందిగా?

నైజీరియాను చూడండి. ఆవులు కోట్లలో ఉన్నాయి, వాటిలో ఎక్కువ భాగం సంచార పశుపోషకులవి. రోజుకు ఒకటి రెండు లీటర్లిచ్చే ఆవులు, అవి కూడా మేత కోసం ఊళ్లు మారుతుంటాయి. 2019లో అక్కడి కేంద్ర బ్యాంకు పాల దిగుమతులకు విదేశీ మారకం ఇవ్వబోమని ప్రకటించి, 2020 ఫిబ్రవరిలో ఆ వీలును ఆరు కంపెనీలకే పరిమితం చేసింది. అక్కడ లోపించింది పాలు కాదు, వాటిని చేరవేసే గొలుసు. పిండిన రెండు గంటల్లో పాలను 4 డిగ్రీల సెల్సియస్‌కు చల్లబరచాలి. అందుకు కరెంటు, బల్క్ కూలర్ (పాలు చల్లబరిచే పెద్ద ట్యాంకు), అక్కడి దాకా వెళ్లే రోడ్డు కావాలి. ఇవి లేనిచోట నిషేధం పెడితే డెయిరీ పొడి లేక మూతపడుతుంది, పల్లెలో పాలు విరిగిపోతూనే ఉంటాయి. వరుస ఇలా ఉండాలి: ముందు సేకరణ కేంద్రం, తర్వాత పశువైద్యం, మేత, ఆ తర్వాతే గేటు.

ఆహారం మీద ఆంక్షలు ఉండవంటారు. మరి ఇరాన్‌లో పాడి రైతులు ఎందుకు నష్టపోయారు?

చట్టం ప్రకారం ఆహారం, మందులు, దాణా చాలావరకు అమెరికా ఆంక్షల నుంచి మినహాయింపు పొందుతాయి. చిక్కు చెల్లింపుల దగ్గర వస్తుంది. ఎక్కడ జరిమానా పడుతుందోనని బ్యాంకు డబ్బు పంపదు, బీమా సంస్థ ఓడకు పాలసీ ఇవ్వదు. సరుకు నిషిద్ధం కాకపోయినా రాదు, వచ్చినా ముగ్గురు మధ్యవర్తుల కమీషన్ మోసుకుని వస్తుంది. ఇరాన్ పాడి దిగుమతి మొక్కజొన్న, సోయా చెక్క మీద నడుస్తుంది. అలాంటి దిగుమతులకు ప్రభుత్వం ఇచ్చిన డాలరుకు 42,000 రియాళ్ల రాయితీ మారకపు రేటును 2022 మేలో తీసేయగానే దాణా ధర ఎగిసింది. పాల ధర పెంచితే జనం కొనడం తగ్గించారు. రెండు వైపులా నలిగింది రైతే.

క్యూబా కథ ఇంకా పాతది. అక్కడ హోల్‌స్టీన్, జెబూ (మూపురం ఉన్న ఉష్ణప్రాంత జాతి) సంకరంతో దిగుబడిలో పెద్ద గంతు వేశారు. ఉబ్రే బ్లాంకా అనే ఆవు 1982లో ఒక్క రోజులో 109.5 లీటర్లు ఇచ్చి ప్రపంచ రికార్డు కొట్టింది. ఆ మందలను పోషించిన దాణా సోషలిస్టు దేశాల నుంచి వచ్చేది. 1990 తర్వాత అది ఆగిపోయింది. గడ్డితో సరిపెట్టుకోగల నాటు రక్తం తగ్గించి, దాణా లేకపోతే నిలబడలేని రక్తం పెంచిన మంద కుప్పకూలింది. మీ మందలో విదేశీ రక్తం ఎంత ఉండాలన్నది దాణా సరఫరా మీద ఎంత నమ్మకం ఉందో చూసి తేల్చుకోవాల్సిన విషయం.

సోయా చెక్క దొరకడం ఆగిపోయింది. మేపు ఎలా మార్చాలి?

అన్ని పశువులకూ సమానంగా దాణా కోయకండి. ఎక్కువ నష్టం తెచ్చే పొరపాటు ఇదే. ఈనిన తొలి వంద రోజుల్లో గరిష్ఠ దిగుబడి ఒక లీటరు తగ్గితే, ఆ ఈత మొత్తం మీద సుమారు 200 లీటర్లు పోతాయి. ఆ ఆవు ఎదకు రావడమూ ఆలస్యమవుతుంది. ఉన్న దాణాను ఈ వరుసలో పంచండి: మొదట కొత్తగా ఈనినవి, తర్వాత ఈనడానికి మూడు వారాల లోపున్నవి, ఆ తర్వాత దూడలు. ఈత చివర్లో పూటకు రెండు మూడు లీటర్లిచ్చే చూడి పశువులను పిండటం ముందుగానే ఆపేయండి. చూడి కట్టక, పాలూ తగ్గినదాన్ని వదిలించుకోవాలంటే తొలి వారాల్లోనే అమ్మండి. రెండు నెలలాగితే ఊరంతా అమ్మకానికి పెడతారు, సంతలో ధర పడిపోతుంది.

ప్రత్యామ్నాయాలను బస్తా ధరతో పోల్చకూడదు, అందులోని మాంసకృత్తుల ధరతో పోల్చాలి. సోయా చెక్కలో సుమారు 45 శాతం మాంసకృత్తులు ఉంటే, ఆవ చెక్కలో 35, పొట్టు తీసిన పత్తి చెక్కలో 38 నుంచి 40, పొట్టుతో ఉన్న దాంట్లో 22 నుంచి 25, ఇథనాల్ కర్మాగారాల ఎండు మడ్డిలో 27 నుంచి 30 శాతం. ఒక కిలో సోయా చెక్క స్థానంలో 1.3 కిలోల ఆవ చెక్క కావాలి. పొట్టు తీయని పత్తి చెక్క అయితే దాదాపు రెండు కిలోలు. పత్తి చెక్కలో గాసిపాల్ అనే విషపదార్థం ఉంటుంది, కాబట్టి చిన్న దూడలకు పెట్టొద్దు. మడ్డి కొనేటప్పుడు బూజు చూసుకోండి, బూజు విషమైన అఫ్లాటాక్సిన్ పాలలోకి దిగుతుంది.

యూరియా గురించి అడుగుతారు. దాణా మిశ్రమంలో ఒక శాతానికి మించొద్దు. ఉండలు లేకుండా కలవాలి. నీళ్లలో కలిపి తాగించకూడదు. ఆరు నెలల లోపు దూడలకు అసలొద్దు. ఉండ కట్టిన యూరియా తిన్న పశువు అమ్మోనియా విషంతో గంటల్లో చనిపోవచ్చు. గడ్డికి యూరియా పట్టించడం ఇంతకన్నా భద్రం. 100 కిలోల ఎండుగడ్డికి 4 కిలోల యూరియాను 50 లీటర్ల నీటిలో కరిగించి, పొరలు పొరలుగా చల్లి తొక్కి, గాలి చొరకుండా పట్టా కప్పి 21 రోజులు ఉంచాలి. తీసాక వాసన పోయేదాకా ఆరబెట్టి పెట్టాలి.

మేపులో ఏ మార్పయినా వారం పది రోజుల్లో మెల్లగా చేయండి. ఖనిజ లవణ మిశ్రమం మాత్రం ఆపొద్దు. అక్కడ మిగిలే డబ్బు తక్కువ, చూడి కట్టకపోవడం రూపంలో పోయేది ఎక్కువ.

పాలు పితికే యంత్రాల విడిభాగాలు రాకపోతే?

ఆంక్షల దెబ్బ నిశ్శబ్దంగా పడేది ఇక్కడే. యంత్రం నడుస్తూనే ఉంటుంది, పొదుగులు పాడవుతుంటాయి. చనుమొనకు తొడిగే రబ్బరు గొట్టాన్ని, అంటే లైనరును, సుమారు 2,500 పిండకాల తర్వాత మార్చాలి. మీ లెక్క ఇలా వేసుకోండి: ఆవుల సంఖ్యను రోజుకు పూటలతో గుణించి, యూనిట్ల (ఒక్కో ఆవుకు తగిలించే పితికే అమరికల) సంఖ్యతో భాగించండి. 60 ఆవులు, రెండు పూటలు, 6 యూనిట్లు అయితే ఒక్కో యూనిట్ రోజుకు 20 సార్లు పిండుతుంది. 125 రోజులకు మార్చాలి. ఏడాదికి మూడు సెట్లు, ఒక్కో సెట్టులో యూనిట్‌కు నాలుగు చొప్పున 24, మొత్తం 72 లైనర్లు. సిలికాన్ రకం ఎక్కువ కాలం నిలుస్తుంది, కానీ చిరిగితే ఒక్కసారే చిరుగుతుంది.

గడువు దాటిన లైనరు సాగి పట్టు తప్పుతుంది. చనుమొన చివర గట్టిపడుతుంది, పాలు పూర్తిగా దిగవు, పొదుగు జబ్బును పట్టిచ్చే సొమాటిక్ కణాల సంఖ్య పాలలో పెరుగుతుంది, ఆ వెంట పొదుగువాపు. రైతు దాణాను అనుమానిస్తాడు.

ఒక ఏడాది లైనర్లు, రెండు పల్సేటర్ (లైనరును బిగించి వదిలే పరికరం) మరమ్మతు కిట్లు, వాక్యూమ్ పంపు బెల్టు, ఆ పంపులో తిరిగే పలకలు, పంపు ఆయిల్, పాలగొట్టాలు, బల్క్ కూలర్ కంట్రోలర్ నిల్వ ఉంచుకోండి. రబ్బరు సామాను చల్లని చీకటి గదిలో, మోటార్లకు దూరంగా పెట్టాలి. మోటార్ల దగ్గర పుట్టే ఓజోన్ రబ్బరును తినేస్తుంది. అందుకే ఐదేళ్ల సరుకు ఒకేసారి కొనడం కూడా తెలివి కాదు. కొలత సరిపోని చౌక లైనరు కన్నా కొన్నాళ్లు చేత్తో పిండటం మేలు. పెద్ద మందకు అది సాధ్యం కాదు, కాబట్టి యంత్రం కొనేముందే దాని లైనరు దేశంలో ఎవరైనా తయారు చేస్తున్నారా అని అడగాలి.

వీర్యం, టీకాలు, మందులు?

వీర్యాన్ని నిల్వ చేయవచ్చు, టీకాలను అంతగా చేయలేం. ద్రవ నత్రజనిలో మైనస్ 196 డిగ్రీల వద్ద వీర్యపు స్ట్రాలు (వీర్యం నింపిన సన్నని గొట్టాలు) దశాబ్దాలు నిలుస్తాయి. ఒక్కో చూడికి సగటున రెండున్నర స్ట్రాల లెక్కన 50 ఆవులకు ఏడాదికి 125 కావాలి. ఈ లెక్కలో బయటపడని బలహీనత నత్రజనే. దాన్ని నింపే బండి నెలకోసారి రాకపోతే జాడీలోని సరుకంతా పోతుంది. వారానికోసారి కర్రతో మట్టం కొలవండి. 12 నుంచి 15 సెంటీమీటర్లకు తగ్గకముందే నింపించండి.

విదేశీ వీర్యం ఆగినప్పుడు దగ్గర్లోని ఒకటి రెండు ఆబోతులే దిక్కవుతాయి. మూడో ఏటికి అదే ఆబోతు తన కూతుళ్లకే తగులుతుంది. ప్రతి పెయ్యకూ తండ్రి సంఖ్య రాసిపెట్టుకుంటే ఈ తప్పు జరగదు.

గాలికుంటు టీకా 2 నుంచి 8 డిగ్రీల మధ్యే ఉండాలి. వేడెక్కినా, గడ్డకట్టినా పనికిరాదు. సరఫరా తగ్గినప్పుడు మోతాదు సగం చేసి ఎక్కువ పశువులకు వేయడం రోగనిరోధక శక్తినీ ఇవ్వదు, టీకానూ మిగల్చదు.

నిషేధం పెట్టిన చోట కల్తీ ఎందుకు పెరుగుతుంది?

పాలకొవ్వు ఖరీదై పామాయిల్ చౌకగానే ఉంటే కల్తీకి కారణం వేరే వెతకనక్కర్లేదు. రష్యాలో 2014 తర్వాత పామాయిల్ కలిపిన చీజ్ లాంటి పదార్థాలు బాగా పెరిగాయి. చివరకు 2019 జులై నుంచి పాలకొవ్వుకు బదులు వేరే కొవ్వు కలిపిన సరుకును దుకాణంలో అసలు పాల ఉత్పత్తుల నుంచి వేరుగా ఉంచాలని నియమం తెచ్చారు. నిజాయతీగా పాలు పోసే రైతుకు ఈ పోటీ విదేశీ చీజ్ కన్నా ప్రమాదకరం, ఎందుకంటే ఇది ఇంట్లోనే ఉంటుంది.

పట్టుకోవడం సాధ్యమే. పాలకొవ్వులో కొలెస్టరాల్ ఉంటుంది, మొక్కల నూనెలో బీటా సిటోస్టెరాల్ ఉంటుంది. నెయ్యిలో అది కనిపిస్తే కల్తీయే. గ్యాస్ క్రొమటోగ్రఫీ అనే ప్రయోగశాల పరీక్షతో, పాలకొవ్వుకు ప్రత్యేకమైన బ్యూటిరిక్ ఆమ్లం వాటా చూసినా తెలుస్తుంది. మాంసకృత్తుల కల్తీ ఇంకో దారి. 2008లో చైనాలో పాలకు మెలమైన్ కలిపారు. పాత పరీక్ష నత్రజనిని కొలిచి 6.38తో గుణించి మాంసకృత్తులు అంటుంది. మెలమైన్ బరువులో మూడింట రెండు వంతులు నత్రజనే. లీటరుకు ఒక గ్రాము కలిపితే నాలుగు గ్రాములకు పైగా దొంగ మాంసకృత్తులు కనిపిస్తాయి. సుమారు 3 లక్షల మంది పసిపిల్లలు జబ్బుపడ్డారు, ఆరుగురు చనిపోయారు. భారత్ సహా అనేక దేశాలు చైనా పాల ఉత్పత్తులను నిషేధించాయి. చైనా తల్లులు సైతం దేశీయ డబ్బాను వదిలి విదేశీ డబ్బా వెతుక్కున్నారు. నమ్మకం పోయిన పాలను ఏ గేటూ కాపాడలేదు.

మూడో దేశం గుండా సరుకు రాదా?

వస్తుంది. రష్యా నిషేధం తర్వాత ఎక్కువ లాభపడింది నిషేధం వర్తించని పొరుగు బెలారుస్. సొంత పాలతో పాటు, ఇతరుల సరుకు పేరు మార్చి పంపుతున్నారన్న ఆరోపణలూ వచ్చాయి. కస్టమ్స్ సరిహద్దు లేని పొరుగుదేశం ఉంటే, నిషేధానికి ముందే అక్కడి ఉత్పత్తి సామర్థ్యం చూడాలి. పోటీ పోదు, చిరునామా మారుతుంది.

ఎగుమతి చేసే దేశపు రైతుల సంగతేమిటి?

ఐరోపా ఎగుమతి చీజ్‌లో దాదాపు మూడో వంతు రష్యాకే వెళ్లేది. ఫిన్లాండ్, బాల్టిక్ దేశాలకు ఆ దెబ్బ నేరుగా తగిలింది. ఫిన్లాండ్ దుకాణాల్లో రష్యన్ లేబుల్ ఉన్న చీజ్ చౌకగా అమ్ముడై ‘పుతిన్ చీజ్’ అనిపించుకుంది. చీజ్‌కు పోవాల్సిన పాలు పొడి, వెన్నలకు మళ్లాయి. సరిగ్గా అప్పుడే, 2015 మార్చి 31న, ఐరోపా పాల కోటాలు, అంటే పాల ఉత్పత్తికి పెట్టిన పరిమితులు, ముగిశాయి. ఉత్పత్తి పెరిగింది, చైనా కొనుగోళ్లు మందగించాయి. ఐరోపా సమాఖ్య టన్నుకు 1,698 యూరోల చొప్పున పొడి కొని గోదాముల్లో పెట్టింది. నిల్వ 3.5 లక్షల టన్నుల స్థాయికి చేరింది, దాన్ని వదిలించుకోవడానికి 2019 దాకా పట్టింది. ఆ గుట్ట కనిపిస్తున్నంతకాలం పొడి ధర లేవలేదు. 2016లో పాలు తగ్గించిన రైతుకు కిలోకు 14 సెంట్లు చెల్లించే పథకం పెట్టారు. మిగులును కొని దాచడం కన్నా పుట్టకుండా ఆపడం చౌక అని తేలింది గానీ, ఆలస్యంగా.

ఒకే కొనుగోలుదారు దేశానికి మీ డెయిరీ ఎంత అమ్ముతోందో వాటాదారుగా అడగండి. చీజ్ కర్మాగారాన్ని పొడి కర్మాగారంగా రాత్రికి రాత్రి మార్చలేరు. పాలను ఎండబెట్టి పొడి చేసే డ్రయర్ ఉంటేనే అది కుదురుతుంది.

సొంత ప్రభుత్వమే ఎగుమతులు ఆపితే?

రైతుకు నేరుగా నష్టం. 2011 ఫిబ్రవరిలో భారత్ ధరల అదుపు కోసం పాలపొడి ఎగుమతిని ఆపి, పొడి గుట్టలు పేరుకున్నాక 2012 జూన్‌లో తలుపు తెరిచింది. పాలు ఎక్కువ వచ్చే కాలంలో పొడి చేసి దాచడం డెయిరీలకు రివాజు. ఆ పొడి కదలకపోతే వాళ్ల డబ్బు అందులో ఇరుక్కుంటుంది. ముందు చెల్లింపులు ఆలస్యమవుతాయి, తర్వాత సేకరణ ధర తగ్గుతుంది.

గాలికుంటు లాంటి వ్యాధితో వచ్చే నిషేధం వేరా?

వేరు, ఎందుకంటే దానికి ముగింపు నియమాలు రాసి ఉన్నాయి. 2025 జనవరిలో జర్మనీలోని బ్రాండెన్‌బర్గ్‌లో గేదెలకు గాలికుంటు తేలగానే బ్రిటన్, దక్షిణ కొరియా వంటి దేశాలు దిగుమతులు ఆపాయి. టీకా వేయకుండా, సోకిన పశువులను చంపి అదుపు చేస్తే, చివరి పశువును చంపాక మూడు నెలలకు వ్యాధిరహిత హోదా తిరిగి అడగవచ్చు. దేశం మొత్తాన్ని కాకుండా సోకిన మండలాన్నే ఆపాలన్న సూత్రం ప్రపంచ వాణిజ్య సంస్థ ఒప్పందంలో ఉంది. అది పనిచేయాలంటే పశువుల చెవిపోగులు, రవాణా రికార్డులు సరిగ్గా ఉండాలి. ఏ పశువు ఎక్కడ నుంచి వచ్చిందో చూపలేని దేశానికి మండల మినహాయింపు ఎవరూ ఇవ్వరు.

రక్షణ శాశ్వతంగా ఉంటే బాగుంటుంది కదా?

కెనడాలో 1970ల నుంచి దాదాపు అదే ఉంది. దిగుమతి కోటా దాటిన వెన్నపై 298.5 శాతం, చీజ్‌పై 245.5 శాతం సుంకం. పాల ధర స్థిరంగా ఉంటుంది, రైతులు దాన్ని గట్టిగా సమర్థిస్తారు. కానీ పాలు పోసే హక్కుకే వెల కట్టాల్సి వచ్చింది. రోజుకు ఒక కిలో పాలకొవ్వు, అంటే దాదాపు ఒక ఆవు పాలు, పోసే హక్కు (ఉత్పత్తి కోటా) ధరను పెద్ద రాష్ట్రాల్లో 24,000 కెనడా డాలర్ల వద్ద కట్టడి చేశారు. కోటా ఉన్న తరం ధనవంతులైంది. కొత్తగా రావాలనుకునే యువరైతు ఆవు కన్నా ముందు కోటాకు అప్పు చేయాలి.

నిషేధాన్ని నమ్ముకుని అప్పు చేసి మంద పెంచవచ్చా?

మూడు లెక్కలు విడివిడిగా వేయండి: పాల ధర 25 శాతం తగ్గితే, దాణా ధర 20 శాతం పెరిగితే, రెండూ కలిసొస్తే. మూడో లెక్కలోనూ కనీసం ఏడాది పాటు వాయిదా కట్టగలిగితే ముందుకెళ్లండి. లేకపోతే మందను సగమే పెంచండి.

డబ్బు ఎటు పెట్టాలన్నది కూడా ముఖ్యమే. నిషేధం ఎత్తేసినా విలువ తగ్గనివి ముందు: పాతరగడ్డి గుంత, సొంత మేత భూమికి నీరు, పెయ్యల పెంపకం, చల్లబరిచే ఏర్పాటు. అధిక ధరకు కొన్న చూడి పశువులు, పెద్ద షెడ్డు తర్వాత. అప్పు విదేశీ కరెన్సీలో ఉంటే దాన్ని తాకకండి, ఆంక్షల కాలంలో మారకపు రేటు వాయిదాను రెట్టింపు చేయగలదు. డెయిరీతో ఒప్పందంలో కనీస ధర రాయించుకోవడం కష్టమే. పాలపొడి, వెన్న ధరలకు ముడిపెట్టిన సూత్రానికి మాత్రం కొన్ని డెయిరీలు ఒప్పుకోవచ్చు.

నిషేధం ఎత్తేస్తారని ముందే పసిగట్టవచ్చా?

కొంతవరకు. నిషేధం ఏ చట్టం కింద వచ్చిందో చూడండి. ఏడాదికోసారి పొడిగించే ఉత్తర్వు అయితే గడువు తేదీకి మూడు నెలల ముందు నుంచి దిగుమతిదారులు ఆర్డర్లు బేరమాడతారు, గోదాముల్లో దేశీయ పొడిని తగ్గించుకుంటారు. డెయిరీ ఒక్కసారిగా పొడి నిల్వ చౌకగా అమ్ముతుంటే అది సంకేతం. మినహాయింపులు మొదలవడం ఇంకో సంకేతం. రష్యా నిషేధం పెట్టిన రెండు వారాలకే లాక్టోజ్ లేని పాలను జాబితా నుంచి తీసేసింది. పట్టణాల్లో పాల ధర మీద గొడవ పెరిగి ఎన్నికలు దగ్గరపడితే, కోటాతో సుంకం లేని దిగుమతికి అనుమతి రావచ్చు. అలాంటి సమయంలో ఈనబోయే పశువులను కొనొద్దు, ఉన్న వాటిలో తక్కువ పాలిచ్చేవాటిని అమ్మడానికి అదే అదను.